తాబేళ్ళ తీరం నుంచి అకాకా జలపాతానికి

పిల్లలూ! మీ ఇంట్లో ప్రపంచపటం ఉంటే తెరవండి. తెలంగాణలో ఆదిలాబాదు పట్టణం మీద వేలు పెట్టండి. ఆ వేలును పైకిగాని కిందికిగాని జరగనీయకుండా తిన్నగా తూర్పుకు పోనివ్వండి. ఒడిషా దాటుతుంది, బంగాళాఖాతం దాటుతుంది, మయన్మార్, లావోస్, వియత్నాం దాటుతుంది. ఆ తరవాత చైనావారి హైనాన్ ద్వీపం. ఇక అక్కడి నుంచి ఆరువేల మైళ్ళ దాకా చెప్పుకోదగ్గ నేలంటూ తగలదు. అంతా పసిఫిక్ మహాసముద్రమే. వేలు నొప్పిపుట్టేదాకా పోయి పోయి, చివరకు ఒక దీవి ఒడ్డున ఆగుతుంది. ఆ దీవి పేరు హవాయి. వేలు ఆగినచోట ఉన్న ఊరు హీలో.

హీలో, ఆదిలాబాదు దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి. అయినా ఎంత తేడా! ఆదిలాబాదులో వేసవి ఎండలు మీకు తెలిసినవే. హీలో చుట్టూ సముద్రం గనక అక్కడ నడివేసవిలో కూడా వేడి సాధారణంగా 30 డిగ్రీల లోపే ఉంటుంది. అక్కడ ఉదయం 8 గంటలు అయినప్పుడు మనకు అదేరోజు రాత్రి 11:30 అవుతుంది. మీరు నిద్రపోయే వేళకు అక్కడి పిల్లలు బడికి పోతారన్నమాట.

అంతదూరం విమానంలో పోవడానికి బోలెడు డబ్బు కావాలి. అందుచేత ప్రస్తుతానికి మనం కాగితం మీద ప్రయాణం చేద్దాం. ఒక్కరోజులో పొద్దున సముద్రంలోకి, మధ్యాహ్నం కొండమీది జలపాతానికి వెళ్ళి రావచ్చు. ఈ రెండూ వేరువేరు వింతలని అక్కడికి పోయిన చాలామంది అనుకుంటారు. అవి వేరు కావు. ఎందుకు కావో జలపాతం దగ్గర చెబుతాను.

ముందు ఆ దీవి సంగతి కొంచెం తెలుసుకోవాలి. హవాయి దీవి అంతా సముద్రం అడుగు నుంచి లేచిన అగ్నిపర్వతాలే. హీలో వెనక ఉన్న పర్వతం పేరు మౌనా కేయా, అంటే తెల్లకొండ. సముద్రమట్టానికి దాని ఎత్తు 4,200 మీటర్ల పైచిలుకు. చలికాలంలో దాని నెత్తిన మంచు కూడా కురుస్తుంది. కాని దాని మొదలు నీళ్ళ అడుగున ఉన్నది. మొదలు నుంచి కొలిస్తే ఆ కొండ ఎవరెస్టు కన్నా ఎత్తు!

పసిఫిక్ మీదుగా ఈశాన్యం నుంచి వచ్చే గాలులు ఈ కొండకు కొట్టుకుని పైకి లేస్తాయి. పైకి పోయిన గాలి చల్లబడుతుంది, అందులోని ఆవిరి వాన అయి కురుస్తుంది. అందువల్ల హీలోలో ఏడాదికి 3,200 మిల్లీమీటర్ల వాన పడుతుంది. హైదరాబాదులో పడేదానికి ఇది ఇంచుమించు నాలుగు రెట్లు. కొండకు అవతలి వైపు, అంటే పడమటి తీరాన, నల్లరాయీ ఎండుగడ్డీ తప్ప వాన పెద్దగా ఉండదు. ఒక దీవికి రెండు మొహాలు!

అక్కడివాళ్ళు దారి చెప్పే పద్ధతి కూడా తమాషాగా ఉంటుంది. తూర్పు, పడమర అనరు. "మౌకా" అంటే కొండవైపు, "మకాయ్" అంటే సముద్రం వైపు. "అంగడికి మౌకా పక్కన మా ఇల్లు" అంటే చాలు, దీవిలో ఎవరికైనా తెలిసిపోతుంది. ఈ రెండు మాటలూ గుర్తుంచుకోండి. మన ప్రయాణం మొదట మకాయ్, తరవాత మౌకా.

పొద్దున్నే గాలి తక్కువగా ఉంటుంది, నీరు నిమ్మళంగా ఉంటుంది. అప్పుడే బయలుదేరాలి. ఊరికి తూర్పున కొద్ది మైళ్ళ దూరంలో రిచర్డ్సన్ తీరం ఉన్నది. అక్కడి ఇసుక నల్లగా, మిరియాల పొడిలాగా ఉంటుంది. ఎర్రగా కాగిన లావా సముద్రంలో పడగానే పగిలి నుగ్గయి అటువంటి ఇసుక ఏర్పడుతుంది. ఒడ్డుకు అడ్డంగా లావా బండలు ఉండటంవల్ల పెద్ద అలలు వాటికే కొట్టుకుని ఆగిపోతాయి. లోపల మడుగులాంటి నీరు మిగులుతుంది.

ఇక్కడ నీటిలోకి దిగేవారికి రెండు వస్తువులు కావాలి. ఒకటి కళ్ళనూ ముక్కునూ కప్పే అద్దం. రెండోది నోటితో పట్టుకునే వంకర గొట్టం. దానిని స్నార్కెల్ అంటారు. తల నీటిలో పెట్టి బోర్లా తేలుతూ ఉంటే గొట్టం కొస నీటికి పైన ఉంటుంది. ఎంతసేపైనా తల ఎత్తకుండా కిందికి చూస్తూ ఊపిరి పీల్చవచ్చు.

అద్దం ఎందుకు? బావిలో మునిగి కళ్ళు తెరిచినవారికి తెలుసు, అంతా మసకగా కనిపిస్తుంది. మన కన్ను గాలిలో చూడటానికి తయారైంది. గాలి నుంచి కంటిలోకి వచ్చేటప్పుడే వెలుగు కావలసినంతగా వంగి, బొమ్మ సరిగా పడుతుంది. నీటి నుంచి నేరుగా వస్తే చాలినంతగా వంగదు. అద్దం వెనక కాస్త గాలి నిలిపితే చిక్కు తీరిపోతుంది. అయితే ఒక తమాషా, ప్రతి వస్తువూ ఉన్నదానికన్నా మూడోవంతు పెద్దగా కనిపిస్తుంది. నీటిలోంచి వచ్చి "బారెడు చేపను చూశాను" అనేవాళ్ళను మరీ ఎక్కువగా నమ్మకండి!

గొట్టం మూరెడే ఎందుకు ఉండాలి, పది అడుగుల గొట్టం పెట్టుకుని నేలమీద నడవరాదా అని మీలో తెలివిగలవాళ్ళు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. మీటరు లోతున, పది సెంటీమీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న ప్రతి చోటు మీదా నీరు పది కిలోల బరువుతో నొక్కుతుంది. అంత బరువును తోసుకుని రొమ్ము విచ్చుకోవడం చాలా కష్టం. పైగా పొడుగాటి గొట్టంలో మనం వదిలిన చెడ్డగాలే మిగిలి, మళ్ళీ దానినే పీల్చవలసి వస్తుంది. గొట్టం పొడుగు చేసి ఇంటి దగ్గర చెరువులో ప్రయోగాలు చెయ్యకండి. ప్రాణం మీదికి వస్తుంది.

రక్షకభటుడు కాపలా ఉన్నచోటనే, ఈత వచ్చిన పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని దిగాలి. ఒంటికి పూసుకునే ఎండలేపనం కూడా చూసి కొనాలి. పగడాలకు హాని చేసే రెండు మందులు, ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, కలిసిన లేపనాలను హవాయిలో అమ్మరాదని 2018లో చట్టం చేశారు. అది 2021 జనవరి 1 నుంచి అమలులో ఉన్నది.

దిగగానే మొదటి వింత ఒంటికే తెలుస్తుంది. పైనీరు చల్లగా జిల్లుమంటుంది, కాస్త కిందికి చెయ్యి చాచితే వెచ్చగా ఉంటుంది! చెరువులో అయితే పైన వెచ్చన, అడుగున చల్లన. ఇక్కడ తలకిందులు. పైగా కళ్ళ ముందు నూనె కలిపినట్టు నీరు మెలికలు మెలికలుగా కనిపిస్తుంది. దీనికి కారణం ఏమిటంటే, మౌనా కేయా, మౌనా లోవా కొండల మీద కురిసిన వాన లావారాతి సందులలో ఇంకి, భూమి లోపలే పారి, ఈ ఒడ్డున సముద్రంలో ఊటలుగా పైకి వస్తుంది. మంచినీరు ఉప్పునీటి కన్నా తేలిక గనక పైన తేలుతుంది. రెండూ కలిసేచోట వెలుగు వంకరలు పోతుంది. కొండ మీద పడ్డ వానలో ఈదుతున్నామని అక్కడ చాలామందికి తోచదు.

కాస్త లోపలికి పోతే నీరు తేటపడుతుంది. అక్కడ రంగురంగుల చేపలు. ఆ రాష్ట్రం వారు ఎన్నుకున్న చేప పేరు పలకండి చూద్దాం: హుముహుమునుకునుకుఆపువాఆ! పందిలాంటి మూతి గల హుముహుము అని దాని అర్థం. దానిని ఎవరైనా తరిమితే బండ సందులో దూరి, వీపు మీది ముల్లును నిలబెట్టి గడియ వేసినట్టు బిగించుకుంటుంది. ఇక ఎంత లాగినా రాదు. చిలకముక్కు వంటి నోరు గల ఉహు చేపలు బండలనూ పగడాలనూ గీకి తింటుంటే ఆ చప్పుడు నీటిలో మీ చెవికి కరకరమని వినిపిస్తుంది. అవి తిన్న రాయి నుగ్గై ఇసుకగా బయటికి వస్తుంది. చాలా దీవుల ఒడ్డున తెల్లని ఇసుకలో మంచిభాగం ఈ చేపలు విసర్జించినదే. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అయితే, చెవులు నీళ్ళలో పెట్టి వింటే ఎక్కడో దూరాన తిమింగిలాల పాట కూడా వినిపించవచ్చు.

కాని అందరూ వచ్చేది తాబేళ్ళ కోసం. అక్కడివారు వాటిని హోను అంటారు. ఇంగ్లీషులో పచ్చతాబేలు. చిప్ప పచ్చగా ఉండదు. లోపలి కొవ్వు పచ్చగా ఉంటుంది గనక ఆ పేరు. పెద్దది క్వింటాలుకు పైగా తూగుతుంది. అంత బరువైన జంతువు నీటిలో పక్షి ఎగిరినట్టు రెండు ముందురెక్కలూ నెమ్మదిగా ఆడిస్తూ పోతుంది. బండల మీది నాచును గొర్రెలాగా కొరుకుతుంది. కొన్ని నిమిషాలకు ఒకసారి పైకి వచ్చి, ముక్కు మాత్రం బయటపెట్టి, బుస్సున ఊపిరి వదిలి, గుక్కెడు గాలి తీసుకుని మళ్ళీ దిగిపోతుంది. నిద్రపోయేటప్పుడైతే రెండు గంటల దాకా ఊపిరి లేకుండా ఉండగలదు.

మన విశాఖ, శ్రీకాకుళం తీరాలలో గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్ళు వేరే జాతి. వాటిని ఆలివ్ రిడ్లీలు అంటారు. అవి పీతలనూ జెల్లిచేపలనూ తింటాయి. హోను పెద్దదయ్యాక ఎక్కువగా శాకాహారి. ఇంకొక తేడా కూడా ఉన్నది. సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి తప్ప సాధారణంగా ఒడ్డు ఎక్కవు. హవాయి తాబేళ్ళు మాత్రం ఊరికే ఎండ కాచుకోవడానికి కూడా ఇసుక మీదికి వచ్చి పడుకుంటాయి. కొత్తవాళ్ళు జబ్బు చేసిందనుకుని పాపం వాటిని నీటిలోకి తోయబోతారు. అట్లా చెయ్యరాదు. నీటిలోగాని, ఒడ్డునగాని పది అడుగుల దూరాన ఆగాలి. ముట్టుకోవడం చట్టవిరుద్ధం.

ఈ కట్టుబాటు ఊరికే రాలేదు. ఒకప్పుడు మాంసం కోసం వీటిని విపరీతంగా పట్టేవారు. హవాయి తాబేళ్ళలో చాలావరకు వాయవ్యాన వందల మైళ్ళ దూరంలో ఉన్న ఇసుకదిబ్బలకు ఈదిపోయి గుడ్లు పెడతాయి. 1973లో జార్జి బాలాజ్ అనే శాస్త్రజ్ఞుడు అక్కడి ఈస్ట్ ద్వీపంలో రాత్రులు కాపలా కూర్చుని లెక్కపెడితే గుడ్లు పెట్టే తాబేళ్ళు 67 మాత్రమే కనిపించాయి. 1978లో అమెరికా ప్రభుత్వం వాటికి రక్షణ కల్పించింది. అప్పటి నుంచి వాటి సంఖ్య బాగా పెరిగింది. 2018 అక్టోబరులో వాలాకా అనే తుఫాను ఈస్ట్ ద్వీపాన్ని చాలావరకు ఊడ్చివేసింది. తాబేళ్ళు పక్కదిబ్బలను వెతుక్కోవలసి వచ్చింది. మనుషుల నుంచి కాపాడటం చట్టానికి చేతనవుతుంది. పెరిగే సముద్రానికి చట్టం ఏమి చేస్తుంది?

ఎండ ముదిరేసరికి బయటికి వచ్చి ఒళ్ళు తుడుచుకోండి. ఆకలవుతుంది. భయం లేదు, హీలోలో అన్నం దొరుకుతుంది! ఒకప్పుడు చెరకు తోటలలో పని చెయ్యడానికి జపాను, చైనా, ఫిలిప్పీన్సు దేశాల నుంచి కూలీలు వచ్చారు. వారితోబాటు అన్నమూ వచ్చింది. ఇప్పుడు అక్కడ అందరూ తింటారు.

తిన్నాక ఉత్తరానికి పోవాలి. దారి సముద్రాన్ని ఆనుకుని, ఒక్కొక్క వాగును దాటుతూ పోతుంది. పదిపన్నెండు మైళ్ళకు హోనోమూ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడ మౌకా వైపుకు తిరిగి, నాలుగు మైళ్ళలోపే ఎక్కితే అకాకా జలపాతం చేరతారు. అప్పటికి సముద్రమట్టానికి ఇంచుమించు 1,200 అడుగుల ఎత్తున ఉంటారు.

మెట్లదారిన కిందికీ పైకీ అరమైలు కూడా నడవనక్కరలేదు. వెదుళ్ళు, అడవి అల్లం, పెద్దపెద్ద పర్ణాకులు దారికి అటూ ఇటూ తడిసి ఉంటాయి. ఒక మలుపు తిరగగానే ఎదురుగా అకాకా! పచ్చని గోడ నడుమ ఒకే ఒక తెల్లని ధార. ఎత్తు 442 అడుగులు. మన కుంటాల జలపాతం ఎత్తు 147 అడుగులంటారు. మూడు కుంటాలలను ఒకదానిమీద ఒకటి నిలబెట్టితే అకాకా అవుతుంది. నీరు పడేచోట దిగి ఈదడానికి వీలులేదు, దారి కట్టేశారు. అదీ మంచిదే. చూసినవాళ్ళు ఫోటో తీసుకుని, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోతారు. మీరు వెళ్ళకండి. ఆ ధార పక్కన తడిసిన నల్లరాయిని చూడండి. అసలు సంగతి అక్కడ ఉన్నది.

ఆ రాయి మీదుగా చేపలు ఎక్కుతాయి!

అబద్ధం కాదు. హవాయి వాగులలో ఓఓపు అనే చిన్నచేపలు ఉంటాయి. మన గోదావరి జిల్లాలవారికి ఇసుకదొందు తెలుసుగదా, వాటికి చుట్టాలు. ఓఓపులలో అలమోఓ అనే జాతి అకాకాకు ఎగువన, జలపాతం పైన ఉన్న వాగులో కాపురం ఉంటుంది. మగచేప జత కట్టే కాలంలో ముందుసగం నల్లగా, వెనకసగం నారింజరంగుగా మెరుస్తుంది. ఆడచేప రాళ్ళకింద గుడ్లు పెడితే మగది కాపలా కాస్తుంది. గుడ్లు పగలగానే పిల్లలు వాగులో కొట్టుకుపోతాయి. కంటికి సరిగా ఆనని ఆ పిల్లలు 442 అడుగులూ నీటితోబాటు కింద పడతాయి. బొత్తిగా బరువు లేనివి గనక చావవు. అవి కొద్దిరోజులలోనే సముద్రం చేరాలి. చేరకపోతే తిండి లేక చస్తాయి.

సముద్రంలో అవి గాజుముక్కలలాగా తేలుతూ, ఇంకా చిన్న ప్రాణులను తింటూ నెలల తరబడి పెరుగుతాయి. పొద్దున మనం తేలిన సముద్రమే అది! అరంగుళానికి కొంచెం మించేసరికి మంచినీటి జాడ పట్టుకుని ఏదో ఒక వాగు నోట ప్రవేశిస్తాయి. తాము పుట్టిన వాగే కావాలన్న పట్టింపు వాటికి లేదు. ఒక దీవిలో పుట్టిన పిల్ల మరొక దీవి వాగును ఎక్కవచ్చు.

వాగునోట కొత్త గండం ఉన్నది. అక్కడ అకుపా అనే మరొకరకం ఓఓపు కాచుకుని ఉంటుంది. దానికి జలపాతాలు ఎక్కడం చేతకాదు. అందుచేత అడుగునే ఉండి, పైకి పోయే పిల్లలను మింగుతుంది. తప్పించుకున్నవి జలపాతం పాదానికి చేరతాయి. అవి గోడ ఎక్కితే చాలు, ఇక అకుపా బెడద ఉండదు.

ఎట్లా ఎక్కుతాయి? అలమోఓ చేపకు పొట్టకింది రెండు రెక్కలూ అతుక్కుపోయి గిన్నెలాగా అయి ఉంటాయి. అద్దానికి రబ్బరు గిన్నె అతికించి చూశారా? అదేవిధంగా ఆ గిన్నె తడిరాయిని పట్టుకుంటుంది. పిల్లచేప తోక విదిలించి, ఒక్క ఊపున కాస్త పైకి పాకి, అతుక్కుని, అలుపు తీర్చుకుంటుంది. మళ్ళీ ఒక ఊపు. ధార మధ్యన పోదు, పక్కన తుంపరలు పడే రాయి మీద పోతుంది. నోపిలి అనే ఇంకొక ఓఓపు మరీ గడుసుది. అది నోటినీ పొట్టగిన్నెనూ మార్చి మార్చి అతికిస్తూ జలగలాగా పోతుంది. "పిలి" అంటే అక్కడి భాషలో అంటుకోవడం.

లెక్క వెయ్యండి. ఒకటిన్నర సెంటీమీటర్ల చేప, 135 మీటర్ల గోడ. తన పొడుగుకు తొమ్మిదివేల రెట్లు! నాలుగడుగుల పిల్లవాడు ఆ లెక్కన ఎక్కాలంటే ఎవరెస్టు శిఖరం కూడా చాలదు.

ఈ చేపకు సముద్రమూ జలపాతమూ ఒకే ఇంటికి రెండు గదులు. వాగు నడవా. ఆ నడవాలో నీరు ఎక్కడ తెగినా పైపిల్లలు కిందికి రావు, కిందిపిల్లలు పైకి పోవు. హవాయిలో అట్లా తెగడం జరిగింది కూడాను. పక్కనున్న మౌయీ దీవిలో 1870లలో చెరకు కోసం పెద్దకాలువలు తవ్వి వాగుల నీటిని మళ్ళించారు. ఎన్నో వాగులు సముద్రం దాకా పోకుండానే ఎండిపోయాయి. చేపలతోబాటు రైతులకు కూడా చేటు వచ్చింది. వారు పండించే కలో అంటే మరేమీ కాదు, మన చేమదుంపే! దానికి పారే నీరు కావాలి. తమ వాగులకు నీరు వదలమని వారు 2001లో అర్జీ పెట్టారు. ఆ దీవిలో చివరి చక్కెర కర్మాగారం 2016 డిసెంబరులో మూతపడింది. 2018 జూన్‌లో రాష్ట్ర జలవనరుల కమిషన్ తూర్పు మౌయీ వాగులలో చాలావాటికి నీరు తిరిగి వదలమని ఉత్తర్వు చేసింది. అర్జీకీ ఉత్తర్వుకూ మధ్య 17 ఏళ్ళు! ఓఓపులకు అర్జీ రాయడం రాదు గనక చేమరైతులు వాటి తరఫున కూడా రాసినట్టయింది.

చూసే చోటు నుంచి పాకే చేప మన కంటికి ఆనదు. అరంగుళం చేప అంతదూరాన ఎట్లా కనిపిస్తుంది? తడిరాయిని చూసి, అక్కడ పాకుతూ ఉండవచ్చునని ఊహించుకోవలసిందే.

సాయంత్రం హీలోకి తిరిగిపోయే ముందు, హోనోమూకు ఉత్తరాన కాస్త దూరం పోతే ఒక ఎత్తైన వంతెన వస్తుంది. దానికింద పారేది కోలెకోలె వాగు, అకాకా నుంచి దిగి వచ్చిన నీరే. వంతెన దాటేటప్పుడు మకాయ్ వైపు చూడండి. రాళ్ళ నడుమ నుంచి వాగు సముద్రంలో కలుస్తూ ఉంటుంది. పైన వాన పడిందంటే ఆ నీరు ఉరుకుతుంది, దాని వాసన సముద్రంలోకి పోతుంది. గాజుముక్కలు లోపలికి రావడం అక్కడే మొదలవుతుంది. అకుపా కూడా అక్కడే కాచుకుని ఉంటుంది.